ఇంట్లో పిల్లి, వాకిట్లో కుక్క: రెండూ అమానతే

మన ఇళ్లలో పిల్లలు ఏదో ఒక రోజు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. “అమ్మీ! పిల్లి మంచమెక్కి పడుకుంటే ఏమీ అనవు. కుక్కపిల్ల గడప దాటితే మాత్రం తరిమేస్తావు. ఎందుకు?” చాలామంది తల్లిదండ్రులు దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకుంటారు: “కుక్క హరామ్.” ఆ జవాబు విన్న పిల్లవాడు మరునాడు వీధిలో పడుకున్న కుక్క మీద రాయి విసురుతాడు. పైగా తానేదో పుణ్యకార్యం చేశానని అనుకుంటాడు. పిల్లి విషయంలో పొరపాటు మరో రకంగా జరుగుతుంది. అది శుద్ధమైన జీవి కదా అని ముచ్చటపడి తెచ్చుకుంటారు. సెలవులకు ఊరెళ్లేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లోనే ఉంచి తాళం వేసి పోతారు.

ఈ రెండు పనులూ ధర్మం తెలియక జరిగేవే. ఇస్లాం పిల్లికీ కుక్కకీ మధ్య తేడా చూపిన మాట నిజం. అయితే ఆ తేడా మన ఇంట్లో వాటి స్థానానికి సంబంధించినది. వాటి పట్ల చూపవలసిన దయలో ఎలాంటి తేడా లేదు. ఈ పాఠంలో ఆ రెండు జీవుల గురించి ధర్మం ఏమంటుందో, వాటి స్వభావాలు ఎలాంటివో, వాటికి మనమీద ఉన్న హక్కులేమిటో తెలుసుకుందాం.

అవీ మనలాంటి సముదాయాలే

భూమ్మీద సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు అన్నీ మీలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలో అల్లాహ్ తెలియజేశాడు. అంటే వాటికీ ఒక జీవన విధానం, ఒక క్రమం, తమ ప్రభువుతో ఒక సంబంధం ఉన్నాయన్నమాట.

మనలో చాలామందికి తట్టని విషయం ఒకటుంది. దివ్య ఖుర్ఆన్‌లో పిల్లి ప్రస్తావన లేదు, కుక్క ప్రస్తావన ఉంది. కహఫ్ సూరాలో గుహవాసుల వృత్తాంతం మనం చదువుతూనే ఉంటాం. తమ విశ్వాసాన్ని కాపాడుకోవడానికి గుహలో తలదాచుకున్న ఆ యువకులతోపాటు వారి కుక్క కూడా గుమ్మం దగ్గర ముందుకాళ్లు చాచి పడుకుని ఉన్నట్లు అల్లాహ్ వర్ణించాడు. శుక్రవారం ఆ సూరా పారాయణం చేసే ప్రతి ముస్లిం నోటా ఆ కుక్క ప్రస్తావన వెలువడుతుంది. మాయిదా సూరాలో వేట నేర్పిన జంతువులు పట్టి తెచ్చిన వేట ధర్మసమ్మతమని తెలుపబడింది. శిక్షణ పొందిన కుక్కను అల్లాహ్ పేరు పలికి వదిలినప్పుడు, అది తాను తినకుండా యజమాని కోసం పట్టి తెచ్చినది మనం తినవచ్చు. హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) అడిగిన ప్రశ్నలకు దైవప్రవక్త (స) ఈ వివరణ ఇచ్చారు. నేర్చుకున్న విద్య వల్ల ఒక మూగజీవికి లభించిన స్థాయిని గమనించండి.

పిల్లి గురించి ధర్మం

హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారి కోడలు కబ్షా బిన్తె కఅబ్ ఒకసారి ఆయన ఉజూ కోసం పాత్రలో నీళ్లు పోశారు. అంతలో ఒక పిల్లి వచ్చి ఆ నీళ్లు తాగబోయింది. ఆయన దాన్ని తరమలేదు సరికదా, అది సులువుగా తాగడానికి వీలుగా పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు విస్తుపోయి చూస్తుంటే, పిల్లి అశుద్ధమైనది కాదని, అది మన మధ్య తిరుగాడే జీవుల్లో ఒకటని దైవప్రవక్త (స) చెప్పారని ఆయన వివరించారు. ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది.

ఇందులో ధర్మం ఇచ్చిన కారణం కూడా స్పష్టంగానే ఉంది. పిల్లి ఇంట్లో కాళ్లకు అడ్డం పడుతూ తిరిగే ప్రాణి. దాన్ని గిన్నెలకు, బట్టలకు దూరంగా ఉంచడం సాధ్యం కాదు. అల్లాహ్ తన దాసులను ఇబ్బందిలో పెట్టదలచలేదు. కనుక పిల్లి మూతి పెట్టిన నీళ్లు అశుద్ధం కావు. వేరే నీళ్లు ఉన్నప్పుడు వాటితోనే ఉజూ చేయడం మేలని హనఫీ పండితులు చెప్పారు. పిల్లి మలమూత్రాలు మాత్రం అశుద్ధమైనవే. అవి అంటిన బట్టను, జానమాజును కడగవలసిందే.

హదీసులను అత్యధికంగా ఉల్లేఖించిన సహాబీ హజ్రత్ అబూ హురైరా (రజి). ఆ పేరుకు పిల్లికూన తండ్రి అని అర్థం. పిల్లికూనను ఆప్యాయంగా వెంట ఉంచుకున్నందున ఆయనకు ఆ పేరు స్థిరపడింది. ఇది మంచి ఆధారమున్న విషయం. అయితే దైవప్రవక్త (స) తన చొక్కా చేతిపై పడుకున్న ముఅజ్జా అనే పిల్లిని లేపడం ఇష్టంలేక, ఆ చేతిని కత్తిరించి లేచారన్న కథ ఎంత ప్రచారంలో ఉన్నా, ప్రామాణిక హదీసు గ్రంథాల్లో దానికి ఆధారం లేదు. ప్రవక్త (స) కారుణ్యాన్ని చాటడానికి నిరూపితమైన హదీసులే కావలసినన్ని ఉన్నాయి. మన పిల్లలకు వాటినే చెబుదాం.

కుక్క గురించి ధర్మం

పశువుల కాపలాకు, పొలం కాపలాకు, వేటకు కుక్కను పెంచుకోవడానికి అనుమతి ఉంది. ఈ అవసరాలేవీ లేకుండా కుక్కను పెంచుకునేవారి పుణ్యంలో రోజూ కొంత తగ్గిపోతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. కుక్క ఉన్న ఇంట్లోకి కారుణ్య దూతలు ప్రవేశించరని కూడా తెలియజేశారు. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని, అందులో మొదటిసారి మట్టితో తోమాలని ఆదేశించారు. ఈ హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి.

వీటి ఆధారంగా ధర్మవేత్తలు వివరాలు తేల్చారు. హనఫీ పండితుల ప్రకారం కుక్క లాలాజలం అశుద్ధం. దాని పొడి ఒళ్లు బట్టలకు రాసుకున్నంత మాత్రాన బట్టలు అశుద్ధం కావు. షాఫయీ, హంబలీ పండితులు దాని దేహమంతా అశుద్ధమన్నారు. అయితే ఇరువైపులా పొడిగా ఉంటే అశుద్ధత అంటదు. బతికున్న కుక్క శుద్ధమైనదేనని, పాత్ర కడగడం ఒక ఆరాధనాపరమైన ఆజ్ఞ అని మాలికీ పండితుల అభిప్రాయం. కాబట్టి మసీదుకు వెళ్లే దారిలో కుక్క తగిలిందని హడలిపోయి, ఇంటికి తిరిగివచ్చి స్నానం చేయవలసిన పనిలేదు. లాలాజలం అంటితే అంటినచోట కడుక్కుంటే సరిపోతుంది.

ఇంటికి, తోటకు, దుకాణానికి కాపలా అవసరమైనవారు కుక్కను పెంచుకోవచ్చని, అంధులకు దారి చూపే కుక్క కూడా అవసరం కిందికే వస్తుందని పలువురు పండితులు చెప్పారు. అలాంటి కుక్కకు నివాసగదుల్లో కాక ఆరుబయట గూడు కట్టించాలి. దాని తిండిగిన్నె వేరుగా ఉంచాలి. ఇరుగుపొరుగు వారికి దాని వల్ల భయం, బాధ కలగకుండా చూడాలి. హోదా కోసం, ఇతరులను చూసి పెంచుకోవడానికి మాత్రం ఈ అనుమతి వర్తించదు.

నరకానికి చేర్చిన పిల్లి, స్వర్గానికి చేర్చిన కుక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దైవప్రవక్త (స) వినిపించిన రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, నేలమీది పురుగూపుట్రా ఏరుకుని తినడానికి దాన్ని వదలనూ లేదు. చివరికి అది చనిపోయింది. ఆ కారణంగా ఆమె నరకం పాలైంది. మరొక వ్యక్తి ప్రయాణంలో దాహంతో అలమటించి, బావిలోకి దిగి నీళ్లు తాగాడు. పైకి వచ్చేసరికి ఒక కుక్క దాహానికి తాళలేక తడిమట్టి నాకుతోంది. నా దాహం లాంటిదే దీని దాహమూ అనుకుని, అతను మళ్లీ బావిలోకి దిగి, తన మేజోడులో నీళ్లు నింపి, దాన్ని పళ్లతో కరచిపట్టుకుని పైకి వచ్చి ఆ కుక్కకు తాగించాడు. అల్లాహ్ అతని సేవను మెచ్చి అతణ్ణి క్షమించాడు. పశువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉంటుందా అని సహచరులు అడిగితే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉంటుందని ఆయన (స) బదులిచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. శుద్ధమైన జీవి పిల్లి. దాన్ని ఇంట్లో ఉంచుకున్న స్త్రీ శిక్షకు గురైంది. ఇంట్లోకి రానివ్వకూడని జీవి కుక్క. దారిన పోతూ దాని దాహం తీర్చిన మనిషికి క్షమాభిక్ష లభించింది. జంతువు శుద్ధమా అశుద్ధమా అన్నది మన గిన్నెలకు, బట్టలకు, నమాజుకు సంబంధించిన ప్రశ్న. పరలోకంలో మనల్ని అడిగేది దాని ఆకలి గురించి, దాని దాహం గురించి.

స్వభావం తెలిస్తేనే న్యాయం

ఒక జీవి హక్కు తీర్చాలంటే ముందు దాని స్వభావం తెలియాలి. కుక్క పూర్వీకులు తోడేళ్లు. అవి గుంపుగా బతికి, గుంపుగా వేటాడతాయి. అందుకే కుక్క తన యజమాని కుటుంబాన్నే తన గుంపుగా భావిస్తుంది. మనిషితో దాని స్నేహం చాలా పాతది. జర్మనీలోని బాన్ దగ్గర 1914లో బయటపడిన సుమారు 14,000 ఏళ్ల నాటి సమాధిలో మనుషులతోపాటు ఒక కుక్కను కూడా పూడ్చిన ఆనవాళ్లు దొరికాయి. పిల్లి పూర్వీకులు ఒంటరిగా వేటాడే అడవిపిల్లులు. మనిషి ధాన్యం నిల్వచేయడం మొదలుపెట్టాక ఎలుకలు చేరాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి చెంతనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిన సంగతి 2004లో లోకానికి తెలిసింది.

ఈ పుట్టుకలోని తేడాయే ప్రవర్తనలో కనిపిస్తుంది. కుక్క మనిషి వెంట నడుస్తుంది, పిలిస్తే వస్తుంది. పిల్లికి తాను తిరిగే చోటుమీద పట్టు ఎక్కువ. పిలిస్తే రాలేదని దానికి విశ్వాసం లేదనడం అన్యాయం. ఆజ్ఞ పాటించడం దాని జాతి అలవాటు కాదు. గోళ్లతో సోఫా గీరిందని కొట్టడమూ తప్పే. గోళ్లు పదును పెట్టుకోవడం, తన చోటుకు గుర్తు పెట్టుకోవడం దానికి అవసరం. ఒక కర్రకు గోనెసంచి చుట్టి మూలన పెడితే అది అక్కడే గీరుకుంటుంది. దేన్నయినా అదుపు చేయవలసి వచ్చినా ముఖంమీద కొట్టరాదు. జంతువును ముఖంమీద కొట్టడాన్ని దైవప్రవక్త (స) వారించారు.

ఒకే సైగకు రెండింటి భాషలో వేరువేరు అర్థాలుంటాయి. ఒళ్లంతా వదులుగా ఊపుతూ తోక ఆడించే కుక్క సాధారణంగా సంతోషంగా ఉంటుంది. ఒళ్లు బిగబట్టి తోక నిటారుగా పెట్టి ఆడిస్తే మాత్రం జాగ్రత్తపడాలి. పిల్లి తోకను అటూ ఇటూ విసురుతుంటే చిరాకు పడుతోందని అర్థం. అప్పుడు పిల్లలు దాన్ని ఎత్తుకుంటే గీరుతుంది. పిల్లి వెల్లకిలా పడుకుంటే పొట్ట నిమరమని పిలుస్తున్నట్లు కాదు. తెలియక చెయ్యి పెడితే నాలుగు కాళ్లతో పట్టుకుంటుంది. మన ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే, అది నిశ్చింతగా ఉన్నట్లు. కుక్క కళ్లలోకి గుచ్చి చూస్తే అది దాన్ని సవాలుగా తీసుకుంటుంది.

తిండి విషయంలోనూ తేడా ఉంది. మనిషి పెట్టింది తిని బతికిన కుక్కకు అన్నం, రొట్టె వంటివి అరిగించుకునే శక్తి తోడేలు కన్నా ఎక్కువని 2013లో ప్రచురితమైన జన్యు పరిశోధన తేల్చింది. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి ఆహారం ద్వారానే అందాలి, అది మాంసం, చేపల్లో దొరుకుతుంది. పెరుగన్నంతోనే పెంచితే క్రమంగా కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు కూడా సరిగా అరగవు. ఇక తీపి రుచి పిల్లికి అసలు తెలియదు. పండుగనాడు ప్రేమగా షీర్ ఖుర్మా పెట్టినా దానికి ఆ మాధుర్యం అందదు! మిగిలిన బిర్యానీ పెట్టేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి రెండు జీవులకూ హాని చేస్తాయి. ఉడికిన ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం లాంటివి. జ్వరమని పారాసెటమాల్ వేస్తే పిల్లి ప్రాణమే పోవచ్చు.

శకునాలు వద్దు

పిల్లి ఎదురైతే పని చెడుతుందని వెనుదిరిగేవారు, రాత్రి కుక్క ఏడిస్తే ఇంట్లో ఎవరో పోతారని భయపడేవారు మన సమాజంలోనూ ఉన్నారు. అపశకునాలను నమ్మడం ఇస్లాంలో లేదు. మేలైనా కీడైనా అల్లాహ్ చేతిలోనే ఉంది. కుక్క ఊళ పెట్టడం దూరాన ఉన్న తన తోటి కుక్కలకు ఇచ్చే పిలుపు. తోడేళ్ల నుంచి దానికి వచ్చిన అలవాటు అది. పిల్లికి మన ప్రయాణాలతో నిమిత్తమే లేదు. దానికి కావలసింది ఆవలి గోడమీది ఎలుక.

వీధికుక్కలు, మన పిల్లలు

దయ చూపాలంటే ప్రమాదాన్ని చూడకుండా కళ్లు మూసుకోవాలని కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పసివాడు ప్రాణాలు కోల్పోయిన ఉదంతం అందరినీ కలచివేసింది. కరిచే కుక్క నుంచి ప్రజలను కాపాడటం ధర్మసమ్మతమే. ప్రమాదకరమైన కుక్కను ఇహ్రాం స్థితిలో సైతం చంపవచ్చని హదీసులో ఉంది. అయితే మన దేశంలో ఆ బాధ్యత స్థానిక సంస్థలది. కుక్కలను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, టీకా వేయించడం వాటి పని. మొహల్లా వాసులు కలిసి మునిసిపాలిటీకి ఫిర్యాదు చేయాలి. ఖుర్బానీ వ్యర్థాలను, చెత్తను వీధుల్లో పారేయకుండా చూసుకోవాలి. కుక్కలు గుంపులుగా చేరేది అక్కడే.

రాళ్లు విసరడం, తోకకు డబ్బాలు కట్టడం మాత్రం పాపం. ప్రాణమున్న జీవిని గురిపెట్టి కొట్టే ఆటగా చేసుకున్న వారిని దైవప్రవక్త (స) శపించినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తెలిపారు. పైగా రాయి తిన్న కుక్క రేపు మరో పిల్లవాడిపైకి వస్తుంది. ఫజ్ర్ నమాజుకు చీకట్లో నడిచివెళ్లేవారు, మదరసాకు వెళ్లే పిల్లలు కుక్క ఎదురైతే పరుగెత్తకూడదు. పరుగెత్తేదాన్ని వెంటాడటం దాని స్వభావం. కదలకుండా నిలబడాలి. చేతులు ఒంటికి ఆనించి, కళ్లలోకి చూడకుండా, అది శాంతించాక మెల్లగా వెనక్కి తప్పుకోవాలి. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరికి వెళ్లరాదు.

కాటు పడితే

ఈ భాగాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే బతకడం దాదాపు అసాధ్యం. ముందే జాగ్రత్తపడితే మాత్రం దాన్ని నివారించవచ్చు. మనుషులకు సోకే రేబిస్‌లో అత్యధిక భాగం కుక్కల వల్లనే వస్తుంది. అయితే పిల్లి కాటు, గీత వల్ల కూడా రావచ్చు. ఇంటి పిల్లే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాల పాటు కడగాలి. కారం, సున్నం, పసరు పూయకూడదు. తర్వాత ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఒకప్పటిలా బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు ఇప్పుడు లేవు. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, అలా వైద్యుడు చెప్పిన తేదీల్లో టీకా అన్ని డోసులూ వేయించుకోవాలి. రక్తం వచ్చిన గాయానికి రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది. కరిచిన జంతువును 10 రోజులు గమనించాలనే మాట నిజమే. అంతవరకూ టీకా ఆపకూడదు.

తావీజు కట్టించి, నీళ్లు ఊదించి ఊరుకునేవారికి ఒక మాట. దుఆ చేయండి, తప్పక చేయండి. కానీ వ్యాధిని ఇచ్చిన అల్లాహ్ దానికి చికిత్సను కూడా ఇచ్చాడని, చికిత్స చేయించుకోవాలని చెప్పింది మన ప్రవక్తే (స). టీకాను వదిలి దారం నమ్ముకోవడాన్ని తవక్కుల్ అనరు.

పెంచుకునే పిల్లికి, కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించాలి. గర్భవతులు పిల్లి మలాన్ని శుభ్రం చేయకపోవడం మంచిది. అందులోని టాక్సోప్లాస్మా అనే క్రిమి కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. ఆ పనిని ఇంట్లో మరొకరు రోజూ చేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అంతమాత్రాన పిల్లిని వీధిలో వదిలేయనక్కరలేదు.

పిల్లిని తెచ్చుకునే ముందు

మళ్లీ పిల్లవాడి ప్రశ్నకు ఇలా జవాబు చెబుదాం: “బాబూ! పిల్లిని మన మధ్య తిరుగాడేదిగా అల్లాహ్ చేశాడు. కుక్కకు వాకిట్లో, పొలంలో పని అప్పగించాడు. రెండింటినీ పుట్టించింది ఆయనే. రెండింటి ఆకలీ ఆయన చూస్తూనే ఉన్నాడు.”

పిల్లిని తెచ్చుకోదలచినవారు ముందుగా తమను తాము ప్రశ్నించుకోవాలి. పదిహేనేళ్ల పాటు బతకగల ఈ ప్రాణికి రోజూ సరైన తిండి, నీళ్లు పెట్టగలమా? ఊరెళితే ఎవరికి అప్పగిస్తాం? జబ్బు చేస్తే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లగలమా? లేదనిపిస్తే తెచ్చుకోకపోవడమే మేలు. పెంచుకోనంత మాత్రాన ప్రశ్న ఉండదు. పెంచుకుని పస్తులుంచితే మాత్రం జవాబు చెప్పుకోవాలి. కుక్కను పెంచనివారికి కూడా పుణ్యద్వారం తెరిచే ఉంది. మండు వేసవిలో వాకిలి బయట ఒక మట్టి మూకుడులో నీళ్లు నింపి పెట్టండి. బావిలోకి దిగిన ఆ బాటసారికి దొరికింది కూడా ఇలాంటి అవకాశమే.

మూగజీవుల పట్ల మన బాధ్యతను గుర్తించి, వాటి హక్కులు నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.